నల్ల బెల్టు విప్పిన మాస్టారు

పొందూరు హైస్కూలు మైదానంలో నరసింగరావు పద్నాలుగేళ్లు కరాటే నేర్పాడు. ఊరికి ఆనుకుని రెండెకరాల వరిపొలం ఉంది. తెల్లవారగానే క్లాసు, అదయ్యాక పొలం. ముప్పై ఎనిమిదేళ్లు వచ్చినా గాల్లోకి ఎగిరి తంతే పిల్లలు నోళ్లు తెరుచుకు చూసేవారు. ఎవరి వేలైనా బెణికితే తనే పట్టుకుని లాగి, పసుపు కట్టి పంపేవాడు. ఏడ్చినవాళ్లని మైదానం చుట్టూ రెండు రౌండ్లు పరుగెత్తించేవాడు. ఊళ్లో అందరూ ఆయన్ని మాస్టారనే పిలిచేవారు.

2014లో సర్కారు బళ్లలో ఆడపిల్లలకు ఆత్మరక్షణ నేర్పిస్తారని, అందుకు మాస్టర్లు కావాలని కబురొచ్చింది. హెడ్మాస్టరు దరఖాస్తు తెచ్చి ఇచ్చి, "ఈ చుట్టుపక్కల నువ్వు కాక ఇంకెవరున్నారు నరసింగరావూ!" అన్నాడు. నరసింగరావు తన సర్టిఫికెట్టు ఫ్రేములోంచి తీసి శ్రీకాకుళం పట్టుకెళ్లాడు.

అక్కడి గుమాస్తా దాన్ని అటూ ఇటూ తిప్పి, ఒక జాబితాలో వేలు పెట్టి పైనుంచి కిందికి చూశాడు.

"ఈ సంఘం పేరు ఇందులో లేదండి. రిజిస్ట్రేషను నంబరు కూడా లేదు. ఎవరిచ్చారు మీకిది?"

ఇచ్చినవాడు తన గురువు గంగరాజు మాస్టారు. ఆయన ఆముదాలవలసలో ఉంటాడు. నరసింగరావు బస్సెక్కి నేరుగా అక్కడికే వెళ్లాడు. డెబ్బై దాటిన ముసలాయన అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాడు. సంగతంతా విని, చేతిలో కాయ పక్కన పెట్టాడు.

"నా గురువు నాకు విద్య ఇచ్చినాడు గానీ కాగితం ఇవ్వలేదురా. నువ్వు బాగా సేసినావు. నీకొక కాగితం ఉంటే బాగుంటాదనిపించింది. ప్రెస్సులో అచ్చేయించినాను. అందులో అబద్ధమేటున్నాది? నీకు విద్య వచ్చు కదా!"

నరసింగరావు కోపం తెచ్చుకుందామంటే ఎదురుగా ఉన్నది ఆ మనిషి. కాళ్లకు దండం పెట్టి వచ్చేశాడు. బస్సులో కూర్చున్నాక మాత్రం తను నల్ల బెల్టులిచ్చిన తొమ్మిది మంది ఒక్కొక్కరే గుర్తుకొచ్చారు. ఆ కాగితాలు కూడా ప్రెస్సులో అచ్చయినవే. తనే దగ్గరుండి అచ్చేయించాడు.

ఆదివారం పిల్లల్నీ తల్లిదండ్రుల్నీ పిలిచి ఉన్నదున్నట్టు చెప్పాడు. చెప్పి, నడుముకున్న బెల్టు విప్పి, మడిచి, పక్కన పెట్టాడు. ఒక తండ్రి లేచి, "ఇన్నాళ్లూ మమ్మల్ని మోసం సేసినావన్నమాట!" అన్నాడు. నరసింగరావు తల దించుకుని విన్నాడు. వారం తిరిగేసరికి సగం క్లాసు ఖాళీ. మిగిలినవాళ్లలో పంతొమ్మిదేళ్ల బిందు పెద్దది. ఎనిమిదో ఏట నుంచీ ఆయన దగ్గరే నేర్చుకుంటోంది, తనూ మాస్టరు కావాలన్నది ఆ పిల్ల ఆశ.

"మరిప్పుడు మనం ఏటి సేద్దాం మాస్టారూ?" అంది.

"మొదట్నుంచీ పరీక్షలు రాద్దాం. నువ్వూ, నానూ."

విజయనగరంలో గుర్తింపు ఉన్న సంఘం ఒకటుంది. ప్రతి ఆదివారం ఇద్దరూ పాసింజరు బండిలో వెళ్లొచ్చేవారు. నరసింగరావు తెల్ల బెల్టు కట్టుకుని, పదేళ్ల పిల్లల వరసలో నిలబడ్డాడు. మొదటి నాలుగు ఆదివారాలూ సిగ్గుతో మెడ వంగిపోయింది. అయిదో ఆదివారం నుంచి సిగ్గుపడడానికి తీరిక లేకపోయింది, నిలబడే తీరులోనే ఇన్ని తప్పులున్నాయని ఆయనకు అంతవరకూ ఎవరూ చెప్పలేదు. ప్రథమ చికిత్స క్లాసులో, బెణికిన వేలిని లాగకూడదని విన్న రోజు అన్నం సరిగ్గా తినలేదు.

2016 చివర్లో ఇద్దరూ నల్ల బెల్టు తెచ్చుకున్నారు. కానీ నేర్పడానికి అది చాలదు. మరో ఏడాది ఆగి, శిక్షకుల పరీక్ష విడిగా రాయాలి.

ఆ పరీక్షకు వచ్చిన పరీక్షకురాలు దుర్గాభవాని, యాభై ఏళ్ల మనిషి. విద్యలో నరసింగరావుకు వంక పెట్టలేకపోయింది. ప్రథమ చికిత్సలోనూ గట్టెక్కాడు. చివరిగా పింకీ అనే పదేళ్ల పిల్లను ముందుకు తెచ్చి నిలబెట్టింది.

"ఈ పాప ఎప్పుడూ కరాటే నేర్చుకోలేదు. ఎవరైనా చెయ్యి పట్టుకుంటే ఎలా విడిపించుకోవాలో నేర్పండి. అరగంట టైము."

నరసింగరావు పిల్ల మణికట్టు పట్టుకున్నాడు. పిల్ల కొయ్యబారిపోయింది. "గట్టిగా లాగమ్మా! భయమేటి? లాగూ!" అని తన మైదానంలో అరిచినట్టే అరిచాడు. పింకీ బావురుమంది. దుర్గాభవాని చెయ్యెత్తి ఆపింది.

"పట్టుకునే ముందు ఆ పిల్లను అడిగారా?"

"మా మాస్టారు మమ్మల్ని ఎప్పుడూ అడగలేదండి."

"పరీక్ష మీ మాస్టారికి కాదు కదండీ."

బిందు నెగ్గింది. నరసింగరావు తప్పాడు.

తిరుగు బండిలో బిందు తన సర్టిఫికెట్టు ఉన్న కవరు దుప్పట్టా కింద దాచుకుని కూర్చుంది. కాసేపటికి నరసింగరావే, "తియ్యమ్మా, సూడనీ" అన్నాడు. చదివి తిరిగిచ్చాడు. బండి చీపురుపల్లి దాటింది.

"నాను నీ సెయ్యి మొదట పట్టుకున్న రోజు నీకు గుర్తుందేటి?"

బిందు కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఉన్నాది మాస్టారూ. తర్వాత మూడ్రోజులు నాను క్లాసుకి రాలేదు. జొరమని మా అమ్మకి సెప్పినాను" అంది.

"మరి నాతో సెప్పలేదే?"

"మీతో ఎలా సెప్తాం?"



పక్క ఊరి ఆడపిల్లల బడిలో బిందుకు శిక్షకురాలి పని దొరికింది. సాయానికి వస్తానని నరసింగరావే అడిగాడు. ఆ మాట విన్న భార్య అసిరమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చింది.

"సిష్యురాలి కింద పని సేస్తావేటి బావా?"

"సేస్తాను. తప్పేటి?"

"తప్పని నానన్నానా? ఊళ్లో అంటన్నారు."

అన్నవాళ్లను అననిచ్చి, ఏడాది పాటు వెళ్లాడు. బిందు ముందు నిలబడి చెప్పేది, ఆయన పక్కన నిలబడి చూసేవాడు. ఒక పిల్ల రానంటే బిందు బలవంతపెట్టేది కాదు. ఆ పిల్ల గోడవారన కూర్చుని చూసేది. నాలుగో రోజో అయిదో రోజో తనే లేచి వరసలోకి వచ్చేది. ఇంత మెత్తగా నేర్పితే రేపు రోడ్డు మీద ఏం పనికొస్తుందని మొదట్లో ఆయనకు లోపల్లోపల అనుమానమే. సంక్రాంతి సెలవులకు ముందు అలా గోడవారన కూర్చున్న ఒక పిల్లే ఆయన పట్టు విదిలించి, రెండు చేతులూ ఎత్తి నిలబడింది. ఆయన మణికట్టు సాయంత్రం దాకా నొప్పి పెట్టింది.

2018 అక్టోబరులో జరగాల్సిన పరీక్ష తిత్లీ తుపాను వల్ల డిసెంబరుకు వాయిదా పడింది. ఈసారి దుర్గాభవాని ఇచ్చింది మాటా పలుకూ లేని ఒక పిల్లాణ్ణి. నరసింగరావు చాప మీద చతికిలబడి కూర్చున్నాడు. "నాకు మోకాలు నొప్పిరా బాబూ. నువ్వూ కూకో" అన్నాడు. వాడు కాస్త దూరంగా కూర్చున్నాడు. ఆయన తన చెయ్యి చాపి, "ముందు నువ్వే నా సెయ్యి పట్టుకో. ఎలా విడిపించుకుంటానో సూడు" అన్నాడు. వాడు పట్టుకోవడానికే పది నిమిషాలు పట్టింది. అరగంట అయిపోయేసరికి వాడికి పట్టు విడిపించుకోవడం సగమే వచ్చింది. ఇంకోసారి చేద్దామని మాత్రం వాడే అడిగాడు.

దుర్గాభవాని కాగితం మీద సంతకం పెట్టింది.

పాత తొమ్మిది మందిలో నలుగురు మళ్లీ పరీక్షలు రాశారు. మిగిలినవాళ్లు రాలేదు. నరసింగరావు క్లాసులో ఇప్పుడు ఇరవై మంది ఉన్నారు, ఒకప్పుడు అరవై మంది ఉండేవారు. మొన్న ఒకాయన కొడుకుని తీసుకొచ్చి, ఆరు నెలల్లో నల్ల బెల్టు ఇప్పించగలరా అని అడిగాడు.

"నాలుగేళ్లు పడతాది. అయిదైనా పట్టొచ్చు" అన్నాడు నరసింగరావు.

వచ్చినాయన కొడుకుని బండి ఎక్కించుకుని వెళ్లిపోయాడు. నరసింగరావు వెనక్కి తిరిగి, వరసలో నిలబడ్డ పిల్లలకు ఒకటి, రెండు అని లెక్క చెప్పడం మొదలుపెట్టాడు.