పాలసీ లేనిదే డ్యూటీకి పంపని చాచా

సెక్యూరిటీ ఏజెన్సీ నడిపే, మేమంతా చాచా అని పిలుచుకునే పెద్దాయన పోయారన్న కబురు బుధవారం మధ్యాహ్నం వచ్చింది. అప్పుడు నేను హుజూర్‌నగర్ రైస్ మిల్లు గేటు దగ్గర లారీ నంబరు రాసుకుంటున్నాను. గుండెపోటట. లారీని లోపలికి పంపి, గేటు వేయడం మరిచిపోయి అట్లాగే నిలబడ్డాను.

మగ్గం వదిలి వాచ్‌మన్ పనికి వచ్చినవాణ్ణి నేను. ఏ ఏజెన్సీ మనిషినీ కాను, మిల్లువాళ్లతో నేరుగా మాట్లాడుకుని చేరాను. అదే మిల్లులో చాచా పంపిన గార్డులు ముగ్గురుండేవారు. వాళ్లందరికీ ఆయన ప్రమాద బీమా చేయించారు. నాకు లేదని తెలిసి ఫారం పట్టుకుని గేటు దగ్గరికే వచ్చారు. నేను మీ మనిషిని కాదుగదా, నాకెందుకని తప్పించుకోబోయాను.

“దెబ్బ తగిలేటప్పుడు నువ్వు ఎవని మనిషివని అడుగుతదా బిడ్డా?” అన్నారు.

తన తమ్ముడి సంగతి అప్పుడే చెప్పారు. గోదాము కాపలాలో ఉండగా గోడ కూలి చనిపోయాడట. నష్టపరిహారం ఏజెన్సీని అడగమన్నాడు గోదాము యజమాని. ఏజెన్సీ, అతను కాంట్రాక్టు మనిషి, మావాడు కాదంది. శవాన్ని ముందు పెట్టుకుని ఇద్దరి గడపలూ తిరిగిన చాచా, తర్వాత తానే ఏజెన్సీ పెట్టారు. బీమా ఖర్చు తగ్గించుకుని మనుషుల్ని పంపమన్న ఫంక్షన్ హాలు పనిని వద్దనుకున్నారు.

ఫారంలో నామినీ పేరు దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. నేను లేని రోజును నేనే రాసుకున్నట్టనిపించింది. చాచా తొందరపెట్టలేదు. అలవాటుగా టోపీ తీసి, తల తడుముకుంటూ పక్కన కూర్చున్నారు. చివరికి నా భార్య పేరు రాశాను.

మరుసటి ఏడాది ఒకదానిపై ఒకటి పేర్చిన బస్తాల నెట్టు కూలి నా కాలు విరిగింది. నల్లగొండ దవాఖానకు చాచా కాగితాలతో వచ్చారు. నేను డ్యూటీలో ఉన్నట్టు రుజువు కావాలని బీమావాళ్లు కొర్రీ పెడితే, మిల్లు మేనేజరు సంతకం చేసేదాకా చాచా అతని గదిలోంచి కదల్లేదట. ఆపరేషనయ్యాక దండం పెట్టబోతే నా చేతులు పట్టుకున్నారు.

“నాకెందుకు దండం? నా తమ్మునికి చెయ్యలేకపోయింది నీకు చేసిన. గంతే.”

ఆయనను సాగనంపడానికి మిల్లుల నుంచి, బ్యాంకుల నుంచి గార్డులు యూనిఫాంలోనే ఖబరస్తాన్‌కు వచ్చారు. తలా మూడు గుప్పెళ్ల మట్టి వేశాం. డ్యూటీ వేళకు ఒక్కొక్కరే కదిలారు. నీలం చొక్కాల అంచులకు మట్టి అంటుకుని ఉంది. దాన్ని ఎవరూ దులుపుకోలేదు.