సర్కారు పాములు

మా అత్తమ్మకు నగల మీద అంత మోజు లేదు గాని, ఇంటి వెనకాల పెంటకుప్ప జోలికొస్తే మాత్రం ఎవరినీ వదిలేది కాదు. పేడ, పొయ్యి బూడిద, కంది పొట్టు అందులో పడి మాగేవి. బోథ్ దగ్గరి మా చేనుకు అదే బలం.

తొంభైలలో వానపాముల ఎరువుకు సబ్సిడీ అనగానే మా ఆయన కుప్ప పక్కనే సిమెంటు తొట్టి కట్టించాడు. ఆఫీసరు చూడడానికొస్తే ఈ కుప్పతో పరువు పోతుందట, ఎత్తిపోయిస్తానని కూర్చున్నాడు.

"అవ్వా, ఇగ పెంటతోని పనిలేదు. సర్కారోళ్లు పాములిస్తుండ్రు" అని తల్లితో అన్నాడు. ముందున్న 'వాన'ను తొందరలో మింగేశాడు.

"ఇంట్లకు పాములు దెస్తవారా?" అని అత్తమ్మ ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు.

సర్కారు పాముల డబ్బా వచ్చిన రోజు ఆయన ఇంట్లో లేడు. అత్తమ్మ దూరంగా నిలబడి కట్టెతో మూత ఎగదోసింది. లోపల చూస్తే ఎర్రలు. వానపాములను మేమట్లాగే అంటాం.

"పాములని జెప్పి నా కొడుకును ఎడ్డోన్ని జేసిండ్రే!" అని నవ్వి నవ్వి, డబ్బా మొత్తం కోళ్ల ముందు బోర్లించింది. జొన్నపిండి చేతులతో నేను ఉరికొచ్చేసరికి కోళ్లు మూతులు తుడుచుకుంటున్నాయి.

సాయంత్రం సంగతి విని మా ఆయన తల పట్టుకున్నాడు. తెల్లారితే ఆఫీసరు వస్తాడు. నాకు భయం, నవ్వు రెండూ ఆగలేదు. అత్తమ్మ మాత్రం గంప తీసుకుని, కుప్ప అడుగు నుంచి ఎర్రలను ఎత్తి తొట్టి నింపేసింది.

మర్నాడు ఆఫీసరు తొట్టిలో చెయ్యిపెట్టి మురిసిపోయాడు. "గింత జోరుగున్నయి యాడ జూడలే. ఏం బెట్టిండ్రు?"

అత్తమ్మకు అబద్ధం చేతకాదు. "మీరిచ్చినయి కోళ్లు దిన్నయి సారూ. గివి మా పెంటలయి" అంది.

ఆఫీసరు కుప్పను కట్టెతో కెలికి చూశాడు. తర్వాత మా ఆయన వైపు తిరిగి, "గీ కుప్పను ముట్టకుండ్రి. పక్క ఊర్లకు గూడ ఇక్కడి ఎర్రలనే ఇద్దాం" అన్నాడు.

"సరే సార్, అట్లనే సార్" అన్నాడు మా ఆయన, కుప్ప తన ఆలోచనే అయినట్టు.

జీపు కదిలాక అత్తమ్మ గంప దులుపుకుంది.

"నా మాట మీద గూడ సబ్సిడీ ఉంటే ఎప్పుడో ఇంటుంటివి కొడుకా" అంది.