తాడు లాగే మనిషి

సినిమా హాలు గుమ్మంలో టిక్కెట్లు చింపే ఆవిడను అందరూ చీటీలత్త అంటారు. మొగుడు చచ్చిపోయిన నెలలోనే ఆ గుమ్మంలో స్టూలెక్కింది, ముప్పయ్యొక్క ఏళ్ళయినా దిగలేదు. చదువు రెండో తరగతితో సరి. అయినా కొత్త సినిమా మొదటి ఆట చూసి ఆవిడ ఏం చెబితే అది మేనేజరు పలక మీద రాసి గేటుకు వేలాడదీస్తాడు. జనం ఆ పలక చదివాకే లైనులో నిలబడతారు. సొంత తమ్ముడు జోకరు వేషం వేసిన సినిమాకు కూడా ‘దండగ’ అని రాయించిన మనిషి. అందుకే నడకలో అంత నిక్కు.

ఆ వారం బానిసల సినిమా వచ్చింది. ఒక బానిస సంకెళ్ళు తెంచుకుని యజమానులను వరసపెట్టి చంపుకుంటూ పోతాడు. నెత్తురు బిందెలతో పోశారు. చచ్చేవాడి మీద కూడా జోకులే. అత్త కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. చివరికి హీరో మందుగుండు పెట్టి యజమాని బంగళా పేల్చేశాడు. హాలంతా ఈలలు. అత్త నోరు మాత్రం తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

బయట మేనేజరు సుద్దముక్కతో సిద్ధంగా ఉన్నాడు.

“చెప్పత్తా, అదిరిందని రాయనా?”

“ఆ తాడు లాగే ఆవిడ బయటికొచ్చిందా అబ్బాయ్?”

“ఏ ఆవిడ?”

“యజమాని భోంచేసే గదిలో మూలన కూర్చుని పైనున్న గుడ్డ పంకాని తాడుతో లాగుతుంటుందే, ఆవిడ. హీరో వంటవాళ్ళని పంపించాడు, గుర్రాల్ని కూడా బయటికి తోలాడు. ఆవిణ్ణి పిలవనే లేదు.”

“గుర్రాల్ని చూశాను. ఆవిణ్ణి చూళ్ళేదు. నీ కళ్ళకి పొరలొచ్చాయత్తా.”

“నా కళ్ళకి పొరలైతే నీ కళ్ళకి కొవ్వు.”

మేనేజరు ముఖం మాడింది. “ఈ సినిమా ఆడకపోతే హాలు మూసుకోవాలి. బాగుందని ఒక్క మాట చెప్పు. పిచ్చి మాటలు మాట్లాడావంటే పలక అటకెక్కిస్తా.”

అత్త మధ్యాహ్నం ఆటకు వెళ్ళి మొదటి వరసలో కూర్చుంది. తాడు లాగే ఆవిడ ఆ మూలనే ఉంది. పొద్దున వీపు కనబడింది. ఇప్పుడు ముఖం ఇటు తిరిగి ఉంది. బంగళా పేలాక కూడా మంటల వెనక పంకా ఊగుతూనే ఉంది.

అత్త బయటికొచ్చింది. నిజం చెబితే పలక పోతుంది, పిచ్చిదన్న పేరూ మిగులుతుంది. అబద్ధం చెబితే పలక ఉంటుంది, దాని మీద మాట తనది కాదు. మేనేజరు చేతిలో సుద్ద లాక్కుని వంకర అక్షరాలతో తనే రాసింది: ‘సినిమా బాగుంది. నవ్వాను. లోపల ఒక మనిషి ఉండగానే ఇల్లు పేల్చేశారు.’

“కొంప ముంచావు కదత్తా!” అన్నాడు మేనేజరు.

మునగలేదు. సాయంత్రం ఆటకు హాలు నిండింది. కానీ జోకులకు ఎవరూ నవ్వలేదు. భోజనాల గది వచ్చినప్పుడల్లా తలలన్నీ మూలకే తిరిగాయి. వెనక నిలబడ్డ మేనేజరు అత్త చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

“కనబడిందత్తా.”

“ఊఁ.”

“మనవైపే చూస్తోంది.”

బంగళా పేలింది. ఒక్క ఈల లేదు. సినిమా అయిపోయి తెర తెల్లబడింది, లైట్లు వెలిగాయి. ఎవ్వరూ లేవలేదు. పైన ఎక్కడో తాడు కిర్రుమంటోంది. కూర్చున్న మూడు వందల మంది మెడల మీదికి చల్లటి గాలి వచ్చి పోతోంది, మళ్ళీ వచ్చి పోతోంది.