పెద్దబాపు పెట్టిన జైలు

మా పెద్దబాపు, అంటే మా బాపుకు అన్న, సోమవారం పొద్దున చనిపోయాడు. చర్చి వాట్సాప్ గ్రూపులో అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. మూడో రోజు ప్రార్థనలో పాస్టరుగారు నన్ను కూడా మాట్లాడమన్నారు. మైకు చూడగానే వెనక్కి జరిగాను. అప్పుడు చెప్పలేనిది ఇప్పుడు ఇదే గ్రూపులో టైపు కొట్టి పెడుతున్నాను.

ఆ రోజు మాట్లాడినవాళ్లు మాత్రం బాగా మాట్లాడారు. ఆయన క్రమశిక్షణ మనకు ఆదర్శం అన్నారు. ఆయన వాడలోకి వస్తుంటే "పది ఆజ్ఞల మోషే వచ్చిండు, సీసాలు దాసుండ్రి" అని నవ్వింది కూడా మీరే. నేనూ నవ్వాను. ఆయన బోధన్ చుట్టుపక్కల చెరుకు కొట్టేవాడు. ఆదివారం కత్తి ముట్టేవాడు కాదు. అడగకుండా ఎవరి తోటలోనూ ఒక్క గడ విరవలేదు. కల్లు మానేసి ఇరవై ఏళ్లు. ఇంతమాత్రానికే మనకు ఆయన పిచ్చివాడు.

"క్రీస్తు ఇడిపిస్తడంటరు, మా అన్నేమో అందర్ని కట్టేస్తడు" అని బాపు కల్లు దుకాణంలో అనేవాడు. అక్కడ తాగేవాళ్లంతా పడీ పడీ నవ్వేవారు. అంత స్వేచ్ఛ ఉన్న ఆ మనుషులు ఒక్క రోజు పొద్దున పదింటికి దుకాణానికి పోకుండా ఉండి చూపించమనండి. వాళ్ల కాళ్లు వాళ్ల మాట వినవు.

నా కాళ్లూ వినేవి కావు. బాపుతో చెరుకు కొట్టడానికి పోయి పద్నాలుగేళ్లకే తాగడం నేర్చుకున్నాను. ఆ కల్లులో మత్తుమందు కలుపుతారని మీకందరికీ తెలుసు. పోయిన ఏడు దుకాణం నాలుగు రోజులు మూతపడింది. రెండో రోజుకే నాకు వణుకు పుట్టింది, మెడ పక్కకు తిరిగిపోయింది, మా అమ్మనే పట్టుకుని నువ్వెవరు అని అడిగాను. బాపు ఇంకో ఊళ్లో సీసా దొరుకుతుందేమోనని బయలుదేరాడు. పెద్దబాపు నన్ను సర్కారు దవాఖానకు తీసుకుపోయాడు. అక్కడ కోలుకున్నాక తన ఇంటికి.

ఆ ఇల్లు నాకు జైలే. ఐదింటికి లేవాలి. చన్నీళ్ల స్నానం. పది ఆజ్ఞల్లో ఒకటి కూడబలుక్కుంటూ పైకి చదవాలి. తప్పు చదివితే మళ్లీ మొదటి నుంచి. సాయంత్రం, సరిగ్గా దుకాణం నిండే వేళకు, నన్ను కాలువ గట్టు మీద నడిపించేవాడు. ఒక రోజు కోపం ఆగక, మీ దేవుడు నన్ను నా ఇష్టమున్నట్టు బతకనియ్యడా అని అడిగాను. పక్క తోటలో ఆడవాళ్లు ఎండాకులు మెలిపెట్టి, చెరుకు గడలను గుత్తులుగా చేర్చి జడ కడుతున్నారు. ఆయన అటు చెయ్యి చూపించాడు.

"జడ కట్టని సెరుకు ఇష్టమున్నట్టే పెరుగుతది బిడ్డా. గాలొస్తే పండుకుంటది. పండుకున్నంక ఇగ దాని ఇష్టం ఏడుంటది, అడివి పందుల ఇష్టమే."

ముసలాయన మళ్లీ మొదలుపెట్టాడనుకున్నాను. మూడు నెలలయ్యాక ఒక సాయంత్రం ఆయన కాలు నొప్పి అని ఇంట్లోనే ఉన్నాడు. నేనొక్కడినే గట్టు మీద చివరిదాకా నడిచి, తిరిగి వచ్చాను. దుకాణం దారి గుర్తుకే రాలేదు. క్రీస్తు విడిపించడమంటే ఏమిటో ప్రసంగాల్లో నాకెప్పుడూ అర్థం కాలేదు. ఆ రోజు అర్థమైంది. వచ్చి చెప్తే ఆయన "ఇగ మీ ఇంటికి పోవచ్చు" అన్నాడు. అంతే. పొగడటం ఆయనకు చేతకాదు.

అది మీకు చేతనవును. మూడో రోజు పాస్టరుగారి బండి మలుపు తిరిగిందో లేదో, ఆదర్శం అన్నవాళ్లే సమాధి దగ్గరికి కల్లు సీసాలు తెచ్చారు. పోయినవాళ్లకు ఇష్టమైనది పెట్టడం ఆనవాయితీ అట. ఇరవై ఏళ్లు నోట పెట్టని మనిషి మట్టి మీద, సిలువ పక్కనే, ఒక సీసా వంచారు. పెద్దమ్మ "ఆయన ఇడిసిందే ఆయనకు తెచ్చిన్రా" అంది. వాళ్లు తాగడం మొదలుపెట్టారు.

బాపు ఒక సీసా నా వైపు చాపాడు.

"మీ పెద్దబాపు పేరు మీద ఒక్క గుక్క తాగురా. తాగకుంటే ఆయన ఆత్మ కొట్టుకుంటది."

నిజం చెప్తున్నాను, ఆ వాసనకు నా నోట్లో నీళ్లూరాయి. ఆ ఒక్క గుక్కతో ఏడాది కష్టం పోతుందని తెలుసు.

"నాకద్దు బాపు" అన్నాను. ఇంకో పాస్టరు తయారైండని వెనకనుంచి ఎవరో నవ్వారు.

బాపు చెయ్యి అలాగే చాపి ఉంది. పొద్దున్నుంచి తాగలేదేమో, వణుకుతోంది. కల్లు తొణికి వేళ్ల మీదుగా కారింది. ఆయన ఆ వేళ్లను ఒక్కొక్కటే నోట్లో పెట్టుకుని చీకాడు, సొంత అన్న సమాధి ముందు, అందరి ఎదుట. నేను పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాను. నా చేతులు ఆ సీసా వైపు కదల్లేదు.