మూడో పన్ను పీకించుకోకుండా గుంటూరు వెళ్ళొచ్చాం

మాది దర్శి దగ్గర పల్లెటూరు. నన్నెరిగినవాళ్ళు నన్ను వసపిట్ట అంటారు. అలాంటిదాన్ని ఏడాది పాటు నోరు మెదపకుండా బతికానంటే మా చుట్టాలే నమ్మరు. ఎడమ దవడలో నొప్పి. నొప్పి అన్నది చాలా చిన్న మాట. కరెంటు తీగ పట్టుకున్నట్టు ఒక్కసారిగా కొట్టి వదిలేసేది. మాట్లాడితే కొట్టేది, నమిలితే కొట్టేది, గాలి తగిలినా కొట్టేది. అందరూ పన్ను అన్నారు, నేనూ పన్నే అనుకున్నాను. లవంగ నూనె పెట్టాను. వాకుడు గింజల పొగ పట్టించుకున్నాను. పొగ పట్టినాయన పురుగులు రాలాయని చూపించాడు కూడా. పురుగులు పోయాయి గానీ నొప్పి మాత్రం కదల్లేదు. తర్వాత ఒక పన్ను పీకించాను, కొన్నాళ్ళకు దాని పక్కది. మూడోదానికి బయలుదేరిన రోజున మా అత్త గుమ్మానికి అడ్డం నిలబడింది. అత్త అంటే మా ఆయన తల్లే, మా నాన్నకు తోడబుట్టింది కూడా. "ఇంకోటి పీకిస్తే నీకూ నాకూ తేడా ఏముంటదే? నరాలకి చూసే పెద్ద డాక్టరు గుంటూర్లో ఉండాడంట, పోదాం పద" అంది. ఆవిడ నోట్లో అప్పటికి మిగిలినవి నాలుగు పళ్ళు.

మా ఆయన మిరప కోతల్లో మునిగి ఉన్నాడు కాబట్టి అత్తాకోడళ్ళమే బయలుదేరాం. దర్శి నుంచి తెల్లవారుజామున అద్దంకి, చిలకలూరిపేట మీదుగా వెళ్ళే బస్సు ఎక్కితే, దారిలో ఎక్కడా ఆగిపోకపోతే నాలుగు గంటల ప్రయాణం. నేను కోటప్పకొండకు తప్ప అటువైపు వెళ్ళింది లేదు. అప్పట్లో టిక్కెట్టు యాభై పైచిలుకు. అత్త నన్ను కిటికీకి దూరంగా కూర్చోబెట్టి, వెనక సీటాయన మీదికి తిరిగింది. "అబ్బాయ్, ఆ అద్దం ముయ్యి నాయనా. మా పిల్లకి గాలి తగలకూడదు." "మూస్తే ఊపిరాడదు పెద్దమ్మా!" "ఆడద్దిలే, నీకేం కాదు." ఆయన గొణుక్కుంటూ మూశాడు. అద్దంలోంచి ఆఖరి తీతకొచ్చిన పత్తి చేలు, కల్లాల మీద ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు కనిపించాయి. చిలకలూరిపేటలో బస్సు కాసేపు ఆగింది. అత్త ఇడ్లీ తింటుంటే నేను చల్లారిన పాలు చెంచాతో కుడిపక్కకు పోసుకుంటూ కూర్చున్నాను. "ఏమ్మా, ఇడ్లీ బాగోలేదా?" అని అడిగాడు హోటలాయన. "ఇడ్లీ బాగానే ఉందయ్యా, దాని నోరే బాగోలేదు" అని అత్తే జవాబు చెప్పింది. ఆ ఏడాదంతా నా మాటలన్నీ ఆవిడే మాట్లాడింది.

గుంటూరు పొలిమేరల్లో మిరప యార్డు దగ్గరికి వచ్చేసరికి బస్సంతా ఒకటే దగ్గు. టిక్కీలు, అంటే మిరప బస్తాలు, ఎత్తుకున్న లారీలు బారులు తీరి ఉన్నాయి, ఆ ఘాటు మూసిన అద్దాల్లోంచి కూడా దూరింది. కొంగు తడిపి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను, అయినా తుమ్ము ఆగలేదు. తుమ్మిన మరుక్షణం దవడ నుంచి కంటిదాకా కొట్టింది. ముందు సీటు కడ్డీ పట్టుకుని వంగిపోయాను. దాచను, ఆ క్షణాన చచ్చిపోతే బాగుండుననిపించింది. అత్త నా వీపు మీద వేసిన చెయ్యి బస్టాండు వచ్చేదాకా తియ్యలేదు.

బస్టాండు నుంచి కొత్తపేటలో ఆ డాక్టరు ఆసుపత్రికి ఆటో ఇరవై రూపాయలు. ఫీజు నూట యాభై కట్టి హాల్లో కూర్చున్నాం. జనం చాలామంది ఉన్నారు, మధ్యాహ్నం అవుతుందన్నారు. పక్క బెంచీ మీద నరసరావుపేట నుంచి వచ్చిన సుబ్బాయమ్మ అని పత్తి మిల్లులో పనిచేసే ఆమె చాలాసేపు నన్నే చూసి, "ఎడం పక్కా? నాది కుడి" అంది. నేను ఉలిక్కిపడ్డాను. "మెరుపు మాదిరి వచ్చి పోద్దా? మొహానికి పౌడరు రాసుకోలేవు. ముద్ద ఒక పక్కకే తోస్తావు. అవునా?" అని అడుగుతుంటే తల ఊపుతూ ఏడ్చేశాను. లోకంలో నాకొక్కదానికే ఉందనుకున్న నొప్పి ఇంకొకరి నోట మాటలుగా వస్తుంటే ఏడుపు ఆగలేదు. "మందుంది, భయపడబాకు. నేనిప్పుడు చేగోడీలు కూడా నములుతున్నా" అంది. ఇంతలో ఆమెను లోపలికి పిలిచారు. వెళ్తూ వెళ్తూ వాళ్ళ పక్కింటి ఫోన్ నంబరు ఇచ్చి వెళ్ళింది.

మా వంతు వచ్చింది. అత్త మొదలుపెట్టింది: "పంటి నొప్పండి. మిరప కోతలకి పోయింది, ఆ ఘాటు పళ్ళకి పడలా." డాక్టరు నవ్వి, "మీరు ఆగండి పెద్దమ్మా, ఆమెను చెప్పనివ్వండి" అన్నారు. నేను నాలుగు మాటలు చెప్పి, మిగతాది చెంపకు తగలకుండా వేలితో గీసి చూపించాను. ఆయన దూది పింజతో మెల్లగా తాకి చూశారు. అది పంటి నొప్పి కాదని, ముఖానికి వచ్చే నరానిదని, దాన్ని ట్రైజెమినల్ న్యూరాల్జియా అంటారని, ఉన్న పళ్ళన్నీ పీకించినా తగ్గదని చెప్పారు. "మరి పీకించిన ఆ రెండు పళ్ళో?" అంది అత్త. ఆయన చీటీ ముందుకు లాక్కున్నారు. రక్తపరీక్ష చేయించి, స్కాను తర్వాత తీయిద్దామని చెప్పి మందు రాశారు.

అసలు చిక్కు కింద మందుల షాపులో వచ్చింది. చీటీ చూసి షాపాయన మామూలుగానే, "ఫిట్స్ ఎవరికండీ?" అన్నాడు. అత్త మొహం మాడిపోయింది. "ఫిట్సా? మా ఇంటా వంటా లేవు. ఎవరి మందో మనకి రాశాడే ఈయన! పద, బస్సెక్కుదాం" అని చీటీ లాక్కుని నా చెయ్యి పట్టుకుంది. బస్సు ఎక్కితే తర్వాత ఏముందో నాకు తెలుసు. మళ్ళీ అదే నొప్పి, మూడో పన్ను, దాని తర్వాత నాలుగోది. "అత్తా, ఆగు" అన్నాను. దవడలో కొట్టింది. గోడ పట్టుకుని, "నేనే అడిగొస్తా" అన్నాను. మళ్ళీ కొట్టింది. కళ్ళు తుడుచుకుని మెట్లెక్కాను. డాక్టరు విసుక్కోలేదు. ఫిట్స్‌కు వాడే మందే అదుపు తప్పిన ఈ నరాన్ని కూడా శాంతపరుస్తుందన్నారు. మొదట్లో మత్తుగా ఉంటుందని, ఒంటిమీద దద్దుర్లు వస్తే వెంటనే రమ్మని, నా అంతట నేను మానెయ్యకూడదని చెప్పారు. తిరిగి చూస్తే అత్త తలుపు పక్కనే నిలబడి అంతా వింటోంది. నాకంటే ముందే కిందికి దిగి, "ఆ ఫిట్స్‌వే ఇవ్వవయ్యా, నెలకి సరిపడా ఇవ్వు" అని షాపాయన మీద అరిచింది.

చీకటి పడ్డాక ఇంటికి చేరాం. ఆ రాత్రే సగం బిళ్ళ వేసుకున్నాను. తల తిరిగింది, పొద్దెక్కేదాకా లేవలేకపోయాను. మూడో రోజు గోంగూర అన్నం తింటూ ఏదో ఆలోచనలో పడి ఎడమ పక్క నమిలాను. మింగాక గానీ ఆ సంగతే నాకు తెలియలేదు. ఇంకో ముద్ద పెట్టుకుని కావాలనే అటే నమిలాను. ఏమీ కాలేదు! అమ్మయ్య, ఆ రోజు నేను మాట్లాడినన్ని మాటలు పెళ్ళిలో కూడా మాట్లాడి ఉండను. "చాల్లే ఆపవే తల్లీ, చెవులు తూట్లు పడతన్నయ్" అంటూ అత్త కళ్ళొత్తుకుంది.

మూడేళ్ళయింది. పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను. చలికాలంలో ఒక్కోసారి తొంగిచూస్తుంది, అప్పుడు గుంటూరు వెళ్ళి మోతాదు మార్పించుకుంటాను. భయం మాత్రం పోయింది. దానికొక పేరుందని, నాలాంటి మనిషి నరసరావుపేటలో ఒకామె ఉందని తెలియడమే సగం మందు. నెలకోసారి ఇద్దరం ఫోన్‌లో తీరిగ్గా మాట్లాడుకుంటాం. ఇలాంటి నొప్పితో బయలుదేరేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే: డాక్టరు ముందు మీ నొప్పి మీరే చెప్పండి, మాట రాకపోతే వేలితోనైనా చూపించండి. వెంట వచ్చినవాళ్ళు ఎంత మంచివాళ్ళైనా, ఆ నొప్పి వాళ్ళకు తెలియదు. ఇదంతా రాశాక అత్తకు చదివి వినిపించాను. "నిన్ను తీసకపోయింది ఎవరే? ఆ ముక్క కూడా రాయి" అంది. రాస్తున్నాను. ఆవిడ లాక్కెళ్ళకపోతే నేను ఆ బస్సు ఎక్కేదాన్నే కాదు.