ఘణపురం గుండు

ఈ ప్రయాణానికి కారణం మా అత్తగారు. ఆ ముక్క ముందే చెప్పేస్తే నాకు తేలిక. లేకపోతే ఎండలో గుట్టలెక్కే సరదా నాకు ఉందని మీరు పొరబడతారు. నాగర్‌కర్నూలు మార్కెట్ యార్డులో కుర్చీకి అతుక్కుపోయి గుమాస్తా పని చేసేవాణ్ణి. మా ఇంటి మేడమెట్లు ఎక్కితేనే ఆయాసం వచ్చే మనిషిని.

ఇది రెండు వేల అయిదో, ఆరో. మా ఊళ్లలో సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే కనిపిస్తున్నాయి. గద్వాలలో ఖాజా సార్ అని సోషల్ చెప్పి రిటైరైన పంతులు ఒకాయన ఉండేవారు. ఆయన నెలకో ఆదివారం చిన్న బస్సు మాట్లాడి, జనాన్ని చుట్టుపక్కల కోటలకు తీసుకెళ్లి కథలు చెప్పి తెచ్చేవారు. పొద్దున బయలుదేరితే రాత్రి భోజనానికి ఇంట్లో ఉండొచ్చు. మా ఆవిడ సుజాత తమ్ముడు వెంకటేశ్‌కు గద్వాలలోనే బట్టల దుకాణం. ఒకరోజు అన్నం తింటూ ఈ సంగతి చెప్పాడట. చివర చూపించేది ఖిల్లా ఘణపురం అని కూడా చెప్పాడట. అంతే, మా అత్తగారు బాలమ్మ కంచం దగ్గర చెయ్యి ఆపేసింది.

ఆమె పుట్టింది ఘణపురంలో, ఆ గుట్ట కిందే. ఆమె అన్నలు ముగ్గురూ ఆ ఖిల్లా మీదే ఆడి పెరిగారు. పైన ఒక పాత ఫిరంగి, దాని పక్కన ఒక రాతి గుండు ఉంటాయి. ప్రతి అన్నా తన వంతుకు ఆ గుండు మీద కూర్చుని వచ్చి, ఇంట్లో రాజుగారిలా గొప్పలు చెప్పేవాడు. ఆడపిల్ల ఖిల్లా ఎక్కొద్దని ఇంట్లో ఆంక్ష. ఆ గొప్పలు వింటూ వింటూ, పదిహేనేళ్లకే పెళ్లయి గద్వాల వచ్చేసింది. తర్వాత అన్నలు ఒకరి వెనుక ఒకరు పోయారు, ఇల్లు అమ్ముడుపోయింది. ఆ ఊరికి వెళ్లే పనే లేకుండా పోయింది. ఇప్పుడు ఆమె కోరిక ఒక్కటే, ఆ గుండును ఒక్కసారి కళ్లారా చూడాలి.

అడ్డం వచ్చింది మోకాలు. మెట్లెక్కొద్దని కర్నూలు డాక్టరు గట్టిగా చెప్పాడు. మాఘమాసం పెళ్లిళ్ల గిరాకీ వదిలి వెంకటేశ్ రాలేడు. అందుకని మాకు ఫోన్ చేశాడు. "బావా, అమ్మను బస్సెక్కించుకపో గాని గుట్ట మాత్రం ఎక్కనియ్యకు. నీ మీదనే భారం" అన్నాడు. నీకెందుకు, నేను చూసుకుంటానని పెద్ద మొనగాడిలా మాటిచ్చాను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా అత్తగారు నాతో నేరుగా మాట్లాడదు. కోపం కాదు, అది వాళ్లింటి పద్ధతి. అల్లుడితో ఏం చెప్పాలన్నా కూతురి మీదుగా చెప్పాలి. నేను ఎదురుగా కూర్చుని ఉన్నా సరే, "మీ ఆయనకు ఇంకొంచెం చారు కావాల్నేమో అడుగు" అంటుంది. నేనూ సుజాత వైపు చూసి, చాలని చెప్పు అంటాను. పెళ్లయిన నాటి నుంచి ఇదే మాకు అలవాటైపోయింది.

శనివారం మధ్యాహ్నం నాగర్‌కర్నూలులో బస్సెక్కి, గోపాలపేట మీదుగా వనపర్తి, అక్కడ బస్సు మారి చీకటి పడే వేళకు గద్వాల చేరాం. బస్సులో నా పక్కన పల్లీల మూట పెట్టుకుని ఒక రైతు కూర్చున్నాడు. యాడికని అడిగితే చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "గుట్ట ఎక్కెటానికి పైసలు గట్టి పోతుండ్రా సారూ? మా మేకలు ఉట్టిగనే ఎక్కుతయి" అన్నాడు. వనపర్తి వచ్చేదాకా ఆయన ఇచ్చిన పల్లీలు తింటూ, ఆయన మాటలో తప్పేముందా అని వెతికాను. దొరకలేదు.

ఆదివారం పొద్దున ఆరున్నరకే గద్వాల కోట ముందు చేరాం. బస్సు దగ్గరే బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు కట్టించుకున్నాం. వెళ్లదలచినవాళ్లు ఈ ఉగ్గాని మాత్రం వదలకండి. గద్వాలలో తిన్నంత రుచిగా నాకు మరెక్కడా దొరకలేదు. కోట ఊరి మధ్యలోనే ఉంది కాబట్టి గుట్టెక్కే బాధ లేదు. మట్టి బురుజుల మీద చెయ్యి వేసి ఖాజా సార్ కథ మొదలుపెట్టారు. ఆయన రాజుల గురించి చెబుతుంటే పక్కింటివాళ్ల సంగతులు చెబుతున్నట్టే ఉంటుంది. ఎవరు ఎవరి మీద అలిగారు, ఎవరు కప్పం ఎగ్గొట్టారు, అన్నీ తగువుల్లాగా చెప్పి నవ్విస్తారు.

ఎనిమిదిన్నరకు బీచుపల్లి. ఏడో నంబరు రహదారి పక్కన కృష్ణలో నీళ్లు సన్నగా పారుతున్నాయి. ఆంజనేయస్వామి ముందు అందరికంటే ఎక్కువసేపు నిలబడింది మా అత్తగారే. గుట్టనే ఎత్తుకొచ్చిన దేవుణ్ణి ఆమె ఏం అడుగుతోందో నాకు అర్థమైంది. నేనూ పక్కన నిలబడి, ఈమెను కిందే కూర్చోబెట్టు తండ్రీ అని మొక్కుకున్నాను. ఇద్దరి మొక్కులూ ఒకేసారి విన్నాడు పాపం ఆంజనేయుడు.

వనపర్తిలో రాజుగారి బంగ్లా చూశాం. ఇప్పుడు అందులో కాలేజీ నడుస్తోంది. ఆ వరండాల్లో ఉన్న చల్లదనం వదిలి రాబుద్ధి కాలేదు. పానగల్లు ఖిల్లాను మాత్రం ఖాజా సార్ గుట్ట కింద బస్సు ఆపి, వేలు పెట్టి చూపించారు. అది ఎక్కితే ఘణపురం అందదట. నాకు నచ్చిన ఖిల్లా అదే.

ఒంటిగంట దాటాక ఘణపురం చేరాం. ఊళ్లో బస్సు నెమ్మదిగా పోతుంటే అత్తగారు కిటికీలోంచి ఒక ఇంటిని చూపించింది. ఆమె పుట్టిన ఇల్లు. ముందు భాగం ఎరువుల దుకాణం అయింది. "తలుపులన్న అవే ఉంచిండ్రు" అని కూతురితో అంది. గుట్ట కింద వేపచెట్ల నీడలో జొన్నరొట్టెలు, పల్లీల పొడి, పులిహోర తిన్నాం. నేను రెండు రొట్టెలు ఎక్కువే తిన్నాను. ఆ తప్పు తర్వాత ప్రతి మెట్టు మీదా తెలిసొచ్చింది.

ఎండ కొంచెం తగ్గాక ఎక్కడం మొదలుపెట్టాం. మొదటి దర్వాజా వరకు దారి సాఫీగానే ఉంటుందని ఖాజా సార్ భరోసా ఇవ్వడంతో అక్కడిదాకా అత్తగారిని రానిచ్చాం. దర్వాజా పక్కన ఏనుగంత బండరాయి ఒకటి ఉంది. మా పాలమూరు వైపు అలాంటి రాయిని గుండు అంటాం. దాని కింద మంచి నీడ. ఖాజా సార్ అందరికీ వినబడేలా చెప్పారు.

"మోకాళ్ల నొప్పులున్నోళ్లు గుండు కాడ కూసోండ్రి. మేం తిరిగొచ్చెదాంక గుండును ఇడ్సి కదలొద్దు."

అత్తగారు సుజాత వైపు తిరిగి, "గట్లనే. గుండు కాడనే కూసుంటనని మీ ఆయనకు చెప్పు" అంది.

ఇంత సులువుగా ఒప్పుకుంటుందని నేను అనుకోలేదు. మజ్జిగ సీసా ఆమె చేతికర్ర పక్కన పెట్టాను. ఆయాసం ఉన్న గద్వాల కిరాణా సేటు ఒకాయన కూడా అక్కడే ఆగారు. ఒకరికొకరు తోడని ధైర్యం చెప్పుకుని బయలుదేరాం.

పైకి వెళ్లేదాకా నేను ఎన్నిచోట్ల కూలబడ్డానో చెప్పను. వెళ్లాక మాత్రం తిట్టుకోవడం మానేశాను. రెండు గుట్టల్ని కలుపుతూ గోడ, రాళ్ల మధ్య పచ్చటి నీటిగుంటలు, కింద చెరువు, పైగా ఒకటే గాలి. ఫిరంగి ఉన్న బురుజు దగ్గరికి ముందు వెళ్లాం. తుప్పు పట్టిన గొట్టం, పక్కన కడవంత రాతి గుండు. అదే ఆ గుండు. సుజాత దాని మీద చెయ్యి పెట్టి, "అమ్మ బదులు నేను ముట్టుకుంటున్న" అంది. నాకు, మాట ఇవ్వకపోయి ఉంటే బాగుండేది అనిపించింది. తర్వాత మిగతా బురుజులు, ధాన్యం కొట్లు చూసి, గోడ వెంట తిరిగి, ముందువైపు మెట్ల దారిలోనే కిందికి దిగాం.

బండ కింద కిరాణా సేటు ముఖం మీద తువ్వాలు వేసుకుని గుర్రు పెడుతున్నాడు. అత్తగారు లేదు. మజ్జిగ సీసా కూడా లేదు.

సేటును లేపితే ఆయన తెల్లమొహం వేశాడు. ఇప్పుడే కునుకు పట్టిందని అన్నాడు. కిందికి దిగిందేమోనని కొందరు బస్సు దగ్గరికి పరుగెత్తారు. అక్కడా లేదు. సుజాత ఏడవలేదు గాని, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నాకు వెంకటేశ్ ముఖం కళ్ల ముందు తిరగసాగింది. జారిపడితే? నీటిగుంట దగ్గరికి పోయి ఉంటే? ఖాజా సార్ పరేషాన్ కావొద్దంటూనే, నాకంటే ఎక్కువ పరేషాన్ అవుతున్నారు.

మేకలు తోలుకుంటూ ఒకాయన అటు వచ్చాడు. ఇక్కడ గుండు కాడ ఒక పెద్దమ్మ ఉండాలె, చూసినవా అని అడిగాను.

"ఏ గుండు సారూ? గుట్ట నిండ గుండ్లే" అన్నాడు. తర్వాత నింపాదిగా చెప్పాడు, చేతికర్ర పట్టుకుని ఒకామె కనిపించిందట, గుండు కాడికి పోవాలె అందట. ఈయన తన మేకల తొవ్వ చూపించాడట. వెనక వైపు నుంచి ఏటవాలుగా, మెట్లు లేకుండా పైకి పోయే దారి. మేము ముందు నుంచి దిగుతుంటే ఆమె వెనక నుంచి ఎక్కిందన్నమాట.

సుజాత, ఖాజా సార్ వెంట రాగా ఆ గుట్టను నేను రెండోసారి ఎక్కాను. ఈసారి ఎక్కడా కూర్చోలేదు.

బురుజు దగ్గర ఆమె ఉంది. రాతి గుండు మీద కూర్చుని, కర్ర పక్కన పెట్టుకుని, చెరువు వైపు చూస్తోంది. మజ్జిగ తాగేసింది. చెమటకు ముఖం తడిసిపోయింది గాని ఆమెను అంత హాయిగా నేనెప్పుడూ చూడలేదు. సుజాత పోయి పక్కన కూలబడి, ఇంత పని చేస్తివేంది అమ్మా, నాకు పానం పోయినంత పనైంది అని ఇప్పుడు ఏడ్చింది. అత్తగారు ఆమె తల నిమిరింది.

"నేనేం చేసిన? సారే కద గుండు కాడ కూసోమన్నడు. చిన్నప్పటి సంది నాకు తెలిసిన గుండు గిదొక్కటే."

సుజాతా నేనూ ఖాజా సార్ వైపు చూశాం. సెలవిచ్చింది ఆయనే మరి. తర్వాత ఆమె తన ఇంటి పెంకులు ఎక్కడున్నాయో చూపించింది. అన్నలు ఇక్కడి నుంచి కేక వేస్తే కింద వాకిట్లో తనకు వినబడేదట. పెద్దన్న పేరు పలికి, "నేను గుడ ఎక్కిన చూడు" అని మెల్లగా అంది.

దిగడం అసలు కష్టం. మోకాలు వంగడం లేదు. ఒకపక్క కూతురు పట్టుకుంది, రెండో పక్క పట్టుకోవడానికి మనిషి కావాలి. నేను భుజం వంచాను. ఆమె కాస్త తటపటాయించి, చీర కొంగు సవరించుకుని, నా భుజం మీద చెయ్యి వేసింది. బస్సు దాకా తీయలేదు. అందరికీ ఆలస్యమైందని నేను మాఫీ అడగబోతే కిరాణా సేటే ముందు అడిగేశాడు, తను నిద్రపోయినందుకు. ఇకనుంచి దర్వాజా కాడ అనే చెబుతానని ఖాజా సార్ డ్రైవరుతో అనడం వినబడింది.

రహదారి ఎక్కేసరికి చీకటి పడింది. అత్తగారు సీటుకు ఆనుకుని నిద్రపోయింది. నాకు మాత్రం నిద్ర లేదు. ఈ యాత్రలో కోటలు బాగున్నాయి, ఖాజా సార్ కథలు ఇంకా బాగున్నాయి. వెళ్లేవాళ్లు నీళ్లు, గట్టి చెప్పులు, వీలైతే ఖాళీ కడుపు తీసుకెళ్లండి. కానీ గద్వాల దగ్గరయ్యేకొద్దీ నా బుర్రలో ఉన్నది ఒక్కటే, బామ్మర్దికి ఏం చెప్పాలి? అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. నిజం చెబితే ఆమెను ఇంకెప్పుడూ గడప దాటనివ్వడు.

ఎనిమిదిన్నరకు ఇల్లు చేరాం. వెంకటేశ్ దుకాణం మూసి అప్పుడే వచ్చినట్టున్నాడు, అరుగు మీదే ఉన్నాడు. తల్లి కుంటుతూ బస్సు దిగడం చూసి నా వైపు తిరిగాడు.

"బావా, అమ్మ గుట్ట ఎక్కలేదు గద?"

సుజాత ముఖం పక్కకు తిప్పుకుంది. అత్తగారు గడపలో ఆగి నన్ను చూసింది.

"మేం పోయేటప్పుడు గుండు కాడ కూసోబెట్టినం. వచ్చి చూస్తే గుండు కాడనే ఉన్నది" అన్నాను.

వెంకటేశ్ తృప్తిగా తల ఊపి లోపలికి పోయాడు. అత్తగారు పెదవులు బిగబట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. నవ్వు ఆగాక సుజాతను దాటి నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"అల్లుడా, కాళ్లు కడుక్కోని రాండ్రి. బువ్వ పెడత" అంది.