కొలతల చీటీ వెనక

పొద్దున్నే షాపు తెరిచాక, మిషన్ మీద కప్పిన గుడ్డ తీయకముందే, రాధారాణి పాత కొలతల చీటీ ఒకటి తీసి వెనక్కి తిప్పుతుంది. ఆ ఖాళీలో నాలుగు వాక్యాలు రాస్తుంది. నాలుగంటే నాలుగే, చీటీలో అంతకన్నా పట్టవు. అమెరికాలోని ఐసెలిన్‌లో ఓక్ ట్రీ రోడ్డు మీద ఉన్న ఆ చీరల షాపు వెనక గదిలో కూర్చుని ఆమె జాకెట్లు కుట్టబట్టి పదమూడేళ్లు. రాసిన చీటీలన్నీ కుకీల రేకు డబ్బాలో పడేస్తుంది. ఎవరికీ చూపించదు.

కిందటేడు వాటిలో ఒకటి పొరపాటున ఒక కస్టమర్ సంచీలో వెళ్లిపోయింది. కజిన్ పెళ్లికి జాకెట్టు కుట్టించుకున్న మైత్రి మర్నాడే ఆ చీటీ పట్టుకుని వచ్చింది.

"ఆంటీ, ఇది మీరు రాశారా?"

"అదా! పారెయ్యమ్మా, ఊరికే గీశాను."

"నో ఆంటీ, మిగతాది ఎక్కడుంది? నాకు చదవాలి ఉంది."

మైత్రి ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. ఆదివారం తెలుగు బడిలో నేర్చుకున్న అక్షరాలతో ఆ నాలుగు వాక్యాలనూ కూడబలుక్కుని చదివింది. యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. కథలు రాసేవాళ్లకు ఏఐ టూల్స్ నిజంగా సాయపడతాయా అన్నది ఆమె పట్టుకున్న ప్రశ్న. అందుకోసం కథ మొదలుపెట్టి పూర్తి చేయలేకపోయిన తెలుగువాళ్లు పన్నెండు మంది కావాలట. పదకొండు మంది దొరికారు. పన్నెండో మనిషిగా రాధారాణి ఒప్పుకుంది.

రాధారాణి దగ్గర ఉన్నది ఒకే ఒక్క కథ. ఏడేళ్లుగా దాన్నే రాస్తోంది. ఇద్దరు అక్కచెల్లెళ్లు. అక్క పరాయి దేశంలో జాకెట్లు కుడుతుంది. చెల్లెలు ఏడాదికోసారి ఫోన్లో కొలతలు పంపుతుంది, అక్క కుట్టి పంపిస్తుంది. ఆఖరి ఏడాది కొలతలు వచ్చే చోటికి రాగానే కథ ఆగిపోతుంది. మళ్లీ మొదటినుంచి రాయడమే.

ఆ కొలతల చీటీ నిజంగానే డబ్బా అడుగున ఉంది. తెనాలిలో ఉండే చెల్లెలు తార పంపిన అంకెలవి. అంతకుముందు ఏడాది ఛాతీ ముప్ఫై ఎనిమిది, ఆ ఏడాది ముప్ఫై మూడు. పదహారో ఏట టేపు పట్టిన రాధారాణి, కంటితో చూసి అంగుళం తేడా చెప్పగల మనిషి, ఆ అంకెలు రాసుకుని, "ఏమే, డైటింగా?" అని ఒక నవ్వే బొమ్మ పెట్టి కత్తెర తీసింది. తార కూడా నవ్వే బొమ్మే పంపింది. పెళ్లిళ్ల సీజన్‌లో అక్కను కంగారు పెట్టొద్దని జబ్బు సంగతి దాచమని ఇంట్లోవాళ్లకు చెప్పిందట. జాకెట్టు చేరింది. నాలుగు నెలలకు తార పోయిందని కబురు వచ్చింది. ఆ అంకెల సంగతి రాధారాణి కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు.

శనివారాలు పన్నెండు మందీ లైబ్రరీలో కూర్చునేవాళ్లు. మైత్రి ఇచ్చిన టాబ్లెట్‌లో రాధారాణి కథ చెబుతుంటే అక్షరాలు వాటంతటవే పడేవి. ఆగిపోయిన చోట టూల్ ఒక వాక్యం అందించేది. నచ్చితే ఉంచుకోవచ్చు, లేకపోతే తీసేయొచ్చు. మూడో శనివారం కథ కొలతల దగ్గరికి వచ్చి ఆగింది. తెర మీద ఇలా వచ్చింది: "ఆ అంకెలు చూడగానే అక్క చేతిలో కత్తెర ఆగిపోయింది. వెంటనే చెల్లెలికి ఫోన్ చేసింది."

రాధారాణి దాన్ని చాలాసేపు చూసింది. తర్వాత "ఉంచు" అన్న చోట వేలు పెట్టింది. ఇక కథ ఏడేళ్ల బాకీ తీర్చుకున్నట్టు పరుగెత్తింది. అక్క విమానం ఎక్కింది, ఆసుపత్రిలో చెల్లెలి పక్కన పడుకుంది. చెల్లెలు కోలుకుని కొత్త జాకెట్టు తొడుక్కుంది.

అందరి ముందూ చదివినప్పుడు ఇద్దరు ముగ్గురు కళ్లు తుడుచుకున్నారు. మైత్రి ఆ పన్నెండు కథలతో తెస్తున్న పుస్తకంలో దాన్నే మొదట పెట్టాలనుకుంది. ఆగిపోయిన కథను టూల్ పూర్తి చేయించిందనడానికి అంతకన్నా మంచి ఉదాహరణ ఆమెకు దొరకలేదు. శుక్రవారానికల్లా కథలన్నీ అచ్చుకి ఇచ్చేయాలి.

ఆ వారం రాధారాణి చీటీల మీద ఒక్క వాక్యం కూడా రాయలేదు. "రాధక్కా, ఆ కథల కంప్యూటర్‌ని మనకి కాస్త హెమ్మింగ్ కూడా చేసిపెట్టమను, పుణ్యముంటుంది" అని షాపు యజమాని వీరాంజనేయులు నవ్వించబోయాడు. ఆమె నవ్వలేదు. గురువారం మైత్రిని షాపుకి పిలిపించి, డబ్బా అడుగునుంచి తార చీటీ తీసి చేతిలో పెట్టింది. జరిగింది చెప్పింది.

మైత్రి చీటీలోని అంకెలు మళ్లీ చదువుకుంది.

"బట్ ఆంటీ... కథ కదా. నిజం అవ్వక్కర్లేదు."

"ఇంకెవరి కథో అయితే అక్కర్లేదమ్మా. ఆ ఫోన్ చేసిన అక్క చాలా మంచిది. అందరూ ఆవిడ కోసం ఏడ్చారు. నా చెల్లెలికి ఆ అక్క లేదు. నేనున్నాను."

"సో, తీసేయమంటారా?"

"ఆ చోటునుంచి తీసెయ్. మిగతాది నేను చెబుతాను, రాసుకో."

చెప్పింది ఒక్క వాక్యమే. "అక్క అంకెలు చూసింది, డైటింగా అని నవ్వింది, గుడ్డ కత్తిరించింది." అక్కడితో కథ అయిపోయిందంది.

మైత్రి రాసుకుంది. తర్వాత తన పరిశోధన ఫారం తీసి, కొంచెం మొహమాటంగా అడిగింది. "ఆంటీ, టూల్ హెల్ప్ చేసిందా, లేదా? యెస్ ఆర్ నో, రెండే ఉన్నాయి."

రాధారాణి మిషన్ మీదున్న జాకెట్టు ఎత్తి, సంకలో వేసిన పొడుగాటి తెల్ల కుట్లు చూపించింది.

"ఇది కచ్చా కుట్టు. ఒంటికి ఎలా కూర్చుంటుందో చూసుకోవడానికి వేస్తాం. అసలు కుట్టు పడ్డాక దారం లాగేస్తాం. లాగేశాం కదా అని వేసినందుకు లాభం లేదంటామా? ఆ ఫోన్ మాట అది రాసి చూపించాకే, నేను చెయ్యలేదని రాయగలిగాను. నీ ఫారంలో ఎక్కడ రాస్తావో నీ ఇష్టం."

మైత్రి రెండు గళ్లనూ ఖాళీగా వదిలి, పక్కనున్న మార్జిన్‌లో ఆ మాటలే తన వంకర తెలుగు అక్షరాలతో రాసుకుంది. పుస్తకంలో మొదటి కథ వేరేవాళ్లది పెట్టింది. రాధారాణి కథ ఆఖరున, ఒకటిన్నర పేజీల్లో ఉంది.

రాధారాణి ఇప్పుడూ ఆ షాపు వెనక గదిలోనే కుడుతోంది. ఎవరి కొలతలైనా పాత చీటీకన్నా రెండంగుళాలు తగ్గి వస్తే, కత్తెర తీసేముందు వాళ్లకు ఫోన్ చేస్తుంది.